ఎలుగుబంటికీ మీకూ మధ్య రెండు సెకన్లు

గ్రిజ్లీ ఎలుగుబంటి ఊపందుకుంటే గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. అంటే సెకనుకు పదిహేను మీటర్ల పైమాటే. మోంటానాలో ఏదో కొండవాలున, పొదల మధ్య కాలిబాట మీద మీరు నడుస్తున్నారు. మలుపు తిరగ్గానే ముప్పై మీటర్ల దూరంలో పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు కనపడింది. అది మీ మీదికి రావాలనుకుంటే రెండు సెకన్లు పడుతుంది. అందులో మొదటి సెకను "ఏంటది?" అని తేల్చుకోవడానికే పోతుంది. మిగిలిన ఒక్క సెకనులో తుపాకీ తీయాలి, ఎత్తాలి, కాల్చాలి.

అలాస్కా, మోంటానా, వయోమింగ్, ఐడహో రాష్ట్రాల్లో ఎలుగుబంటి కోసం ఒంటిమీద ఏ తుపాకీ ఉంచుకోవాలన్నది ఎప్పటికీ తెగని వాదన. మన ఊళ్లలో ఏ కంపెనీ ట్రాక్టర్ మంచిదని రచ్చబండ మీద పొద్దుపోయే దాకా మాట్లాడుకోరూ, అలాంటిదే. వాదనలో ముప్పాతిక వంతు తూటా సైజు చుట్టూనే తిరుగుతుంది. నలభై నాలుగా, పది ఎంఎమ్మా, ఐదువందలా అని (ఇవి తూటా అడ్డకొలతను బట్టి వచ్చిన పేర్లు, .44 లాంటివి అంగుళాల్లో, ఎంఎం అంటే మిల్లీమీటర్లలో). ఈ గొడవంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే: ముందు ఆ రెండు సెకన్ల లెక్క తేలాలి, తూటా సైజు సంగతి ఆ తర్వాత. దానికన్నా ముందు ఎలుగు సంగతి కొంచెం తెలియాలి.

ఉత్తర అమెరికా అడవుల్లో మనిషికి ఎక్కువగా ఎదురయ్యేవి రెండు రకాలు. ఒకటి నల్ల ఎలుగు, రెండోది గోధుమరంగు ఎలుగు. గోధుమరంగు వాటిలో సముద్రానికి దూరంగా లోతట్టున బతికేదాన్ని గ్రిజ్లీ అంటారు. పేరు చూసి రంగును నమ్మకూడదు, నల్ల ఎలుగుల్లో దాల్చినచెక్క రంగువి కూడా ఉంటాయి. భుజాల మధ్య ఎద్దు మూపురంలా ఎత్తుగా కనిపిస్తే అది గ్రిజ్లీ. ఎల్లోస్టోన్‌లో మగ గ్రిజ్లీ సుమారు 90 కిలోల నుంచి 320 కిలోల దాకా తూగుతుంది. అలాస్కాలోని కోడియాక్ దీవుల్లో సాల్మన్ చేపలు మేసి బలిసిన మగ ఎలుగు 600 కిలోలు కూడా దాటొచ్చు.

రెండింటి స్వభావమూ వేరు. నల్ల ఎలుగు మామూలుగా పారిపోయే రకం. అలాంటిది నెమ్మదిగా వెంబడిస్తూ వచ్చి మీద పడిందంటే మిమ్మల్ని తిండిగా చూస్తోందని అర్థం. అప్పుడు చేతికి అందిన దానితో తిరగబడాలి. గ్రిజ్లీ ఎక్కువగా ఉలిక్కిపడి, లేదంటే పిల్లల కోసం, దాచుకున్న మాంసం కోసం దాడి చేస్తుంది. ప్రమాదం పోయిందనిపిస్తే వదిలేసి వెళ్తుంది. అందుకే అది మీద పడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని, వీపు మీద బ్యాగు తీయకుండా కదలక ఉండమంటారు. ఇంకో సంగతి. గ్రిజ్లీ దూకినట్టే దూకి కొద్ది మీటర్ల దూరంలో ఆగిపోవడం మామూలే. ఇలాంటి ఉత్తుత్తి దాడిలో కంగారుపడి తూటా దింపారనుకోండి, తనంతట తాను వెళ్లిపోయే జంతువును గాయపడ్డ జంతువుగా మార్చుకున్నట్టే.

తూటా చేయాల్సిన పని

దుకాణంలో ఆత్మరక్షణ కోసమని అమ్మే పిస్టల్ తూటాల్లో ఎక్కువ భాగం మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటి మొన బోలుగా ఉంటుంది. ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుని, వెడల్పుగా గాయం చేసి, ఎక్కువ లోతుకు పోకుండా ఆగిపోతుంది. ఊళ్లో ఇది మంచి గుణం, వెనక నిలబడ్డవాళ్లకు తగలదు. ఎలుగు విషయంలో ఇదే పెద్ద లోపం. దట్టమైన బొచ్చు, కింద కొవ్వు, దాని కింద మందపాటి కండ, ఆ లోపల ఎముక. విచ్చుకునే తూటా పైపైనే శక్తంతా ఖర్చు చేసేసి, అసలు చోటికి చేరకముందే ఆగిపోవచ్చు.

అందుకని ఎలుగుల దేశంలో తిరిగేవాళ్లు వేరే రకం వాడతారు. సీసానికి ఇతర లోహాలు కలిపి గట్టిగా పోతపోసిన తూటా. మొన బల్లపరుపుగా ఉంటుంది. దీన్ని హార్డ్ కాస్ట్ అంటారు. ఇది విచ్చుకోదు, ముక్కలవదు, ఎముక తగిలినా దాదాపు తిన్నగా లోపలికి పోతుంది. ఇప్పుడు మొత్తం రాగితో చేసిన గట్టి తూటాలూ వస్తున్నాయి. నా మాట అడిగితే, పాయింటు నలభై నాలుగులో బోలు మొన తూటా పెట్టుకుని తిరగడం కన్నా, అంతకన్నా చిన్న తుపాకీలో హార్డ్ కాస్ట్ పెట్టుకోవడం మేలు.

ఇక్కడ చంపడం వేరు, ఆపడం వేరు. ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు. గుండెకు తూటా తగిలిన ఎలుగు చచ్చిపోవడం ఖాయమే, కానీ మెదడులో ఉన్న రక్తంతో మరికొన్ని సెకన్లు పరుగెత్తగలదు. మీ దగ్గరున్నవి రెండు సెకన్లు. అప్పటికప్పుడు కూలాలంటే తూటా మెదడుకో వెన్నుపాముకో తగలాలి, లేదా భుజం ఎముక విరిగి అది నడవలేని స్థితి రావాలి. పరుగెత్తే ఎలుగు తల పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఆ పెద్ద తలకాయలో ఎక్కువ భాగం దవడ కండలూ ఎముకే, మెదడు చిన్నది. కాగితం మీద చెప్పినంత తేలిక కాదు.

2010లో అలాస్కాలోని డెనాలీ నేషనల్ పార్కులో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ఇద్దరు నడకదారుల మీదికి పొదల్లోంచి గ్రిజ్లీ వచ్చింది. వాళ్లలో ఒకరు .45 పిస్టల్‌తో తొమ్మిది గుళ్లు కాల్చారు. ఎలుగు అక్కడికక్కడే పడిపోలేదు. తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది. తర్వాత రేంజర్లు వెతికితే దగ్గర్లోనే చచ్చి పడి ఉంది. మనుషులకు ఏమీ కాలేదు, కాబట్టి పిస్టల్ పని చేసిందనే చెప్పాలి. కానీ ఎలుగు తిరిగి వెళ్లకుండా ముందుకే వచ్చి ఉంటే ఆ తొమ్మిది గుళ్ల కథ ఎలా ఉండేదో చెప్పలేం.

ఏ తుపాకీ, ఎందుకు

చేతి తుపాకీ ఏదైనా రైఫిల్ ముందు చిన్నదే. ఇది మొదట ఒప్పుకోవాలి. వేటగాళ్లు వాడే మామూలు .30-06 రైఫిల్ తూటా సుమారు 3,900 జౌళ్ల శక్తితో బయటికొస్తుంది. .44 మ్యాగ్నమ్ (మందు ఎక్కువ దట్టించిన తూటా) రివాల్వర్‌ది 1,200 నుంచి 1,400 మధ్య ఉంటుంది. 10 ఎంఎం పిస్టల్‌ది 850 అటూఇటూ. 9 ఎంఎం ఐతే 500 చిల్లర. 1983లో అమెరికా అటవీ సర్వీసు ఎలుగుల కోసం దగ్గరి దూరంలో తూటాలను పరీక్షించి నివేదిక వేసింది. అందులో పైన నిలిచినవి .458, .375 లాంటి పెద్ద రైఫిళ్లే, చేతి తుపాకులు బాగా కింద ఉన్నాయి. మరి రైఫిలే మోయొచ్చు కదా? మోయొచ్చు. కానీ నదిలో నడుం లోతు నీళ్లలో నిలబడి గాలం వేసేవాడు రైఫిల్‌ను ఒడ్డున చెట్టుకు ఆనించి వస్తాడు. జింకను కోస్తున్న వేటగాడూ పక్కన పెడతాడు. సర్వే చేసేవాడి రెండు చేతుల్లోనూ పరికరాలుంటాయి. ఎలుగు వచ్చేది సరిగ్గా అప్పుడే. చేతి తుపాకీకి ఉన్న ఒకే ఒక్క గొప్పదనం, అది ఎప్పుడూ ఒంటి మీదే ఉండటం.

చాలాకాలం దీనికి ఒకటే జవాబు ఉండేది, .44 మ్యాగ్నమ్ రివాల్వర్. 1955లో వచ్చిన ఈ తూటా అలాస్కా గైడ్ల నడుం మీద దశాబ్దాల పాటు ఉంది. గుళ్లు పట్టే సిలిండర్ ఒక్కో కాల్పుకూ తిరుగుతుంది, అందులో ఆరు గుళ్లు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 629 లాంటివి కిలో పైన బరువు. చేతిని బాగానే తన్నుతుంది గానీ కొన్నాళ్లు సాధన చేస్తే లొంగుతుంది. సాధనకు ఇందులోనే తేలికైన .44 స్పెషల్ తూటాలు వేసుకోవచ్చు. దాని తమ్ముడు .357 మ్యాగ్నమ్ 1935 నాటిది. బరువు తూటాలు వేస్తే నల్ల ఎలుగులున్న చోట సరిపోతుందని ఎక్కువ మంది అంటారు. గ్రిజ్లీకి సరిపోతుందా అంటే అక్కడే గొంతులు పెరుగుతాయి.

.44 చాలదనుకునేవాళ్లకు .454 కాసుల్ ఉంది. ఆపైన 2003లో స్మిత్ అండ్ వెసన్ .500 తెచ్చింది. దాని శక్తి కొన్ని రైఫిళ్లకు దగ్గరగా పోతుంది. ఐదే గుళ్లు. నాలుగంగుళాల గొట్టం ఉన్నదే కిలోన్నర పైన, పొడవు గొట్టం ఉన్నది రెండు కిలోలు. చూడ్డానికి ధైర్యంగా ఉంటుంది. కాల్చి చూస్తే మొదటి గుండుకే గొట్టం ఆకాశం చూస్తుంది. దాన్ని మళ్లీ కిందికి దించి రెండో గుండు కాల్చేసరికి మన ఒక్క సెకను ఎప్పుడో అయిపోయింది. పైగా అంత తన్నే తుపాకీతో ఎవరూ సరదాగా సాధన చేయరు. ఒక డబ్బా తూటాలు కొని, ఐదు కాల్చి, మణికట్టు నొప్పితో ఇంటికొచ్చి, మిగతావి తుపాకీలో నింపుకుని అడవికి వెళ్లిపోతారు. యుద్ధకాలే శస్త్రాభ్యాసం అంటే ఇదే.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో తప్పు జరుగుతుంది. మోయడానికి హాయిగా ఉంటుందని బాగా తేలికైన .44లు కొంటారు. స్మిత్ అండ్ వెసన్ 329పీడీ సుమారు 700 గ్రాములే. రోజంతా ఒంటి మీద ఉన్నా తెలియదు. కానీ ఆ బరువు తగ్గించిన మేరా తన్ను మీ అరచేతికే వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంత తేలిక తుపాకీలో కాల్చిన కుదుపుకు సిలిండర్‌లో ఇంకా కాల్చని తూటాల మొనలు వాటి ఇత్తడి తొడుగుల్లోంచి కొంచెం ముందుకు జరగొచ్చు. జరిగిన మొన ఫ్రేముకు తగిలితే సిలిండర్ తిరగదు. రివాల్వర్ ఎప్పుడూ ఆగదు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. తేలిక మ్యాగ్నమ్ కొన్నవాళ్లు తాము వేసే తూటాతోనే ఐదు కాల్చి, ఆరోదాని మొన జరిగిందేమో కొలిచి చూసుకోవాలి.

10 ఎంఎం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ పదిహేను ఇరవై ఏళ్లలో వాదన పక్కకు మళ్లింది. కారణం 10 ఎంఎం ఆటో. ఇది 1983లో బయటికొచ్చింది. కొన్నాళ్లకు ఎఫ్‌బీఐ దీన్ని ఎంచుకుంది, తన్ను ఎక్కువైందని తూటాను తేలిక చేసుకుంది, చివరికి దాన్ని పొట్టిగా చేసిన .40 వైపు పోయింది. 10 ఎంఎం దాదాపు మరుగున పడిపోయింది. తర్వాత దాన్ని బతికించినవాళ్లలో అడవుల్లో తిరిగేవాళ్లు ముందుంటారు. గ్లాక్ 20 అనే పిస్టల్‌లో పదిహేను గుళ్లు పడతాయి. నిండా నింపినా కిలో పైన కొంచెం. గ్రీన్‌లాండ్ మంచులో కుక్కబండ్ల మీద తిరిగే డెన్మార్క్ సైన్యపు సిరియస్ గస్తీ దళం ధ్రువపు ఎలుగుల కోసం మోసేది ఈ పిస్టలే. అంతకుముందు వాళ్ల దగ్గరున్న 9 ఎంఎం చాలలేదు. అయినా వాళ్లు రైఫిళ్లను మాత్రం వదల్లేదు, అది గమనించాలి.

తూటాకు తూటా పోల్చితే .44 ముందు 10 ఎంఎం చిన్నదే. మరి గైడ్లు ఎందుకు మారుతున్నారు? ఆ సెకనులోనే జవాబుంది. ట్రిగ్గర్ తేలిక, తన్ను తక్కువ, కాబట్టి .44తో ఒకటి కాల్చే వ్యవధిలో దీనితో రెండు మూడు కాల్చొచ్చు. కదిలే చిన్న గురికి ఎక్కువ అవకాశాలు. మళ్లీ నింపడం సెకన్ల పని. 2016లో అలాస్కాలో అనుభవమున్న ఒక గైడ్ తన అతిథుల మీదికి వచ్చిన పెద్ద గోధుమ ఎలుగును 9 ఎంఎం పిస్టల్‌తో, హార్డ్ కాస్ట్ తూటాలతో చంపాడు. ఈ సంఘటన చూపించి 9 ఎంఎం చాలు అనేవాళ్లున్నారు. నేననను. అక్కడ గెలిచింది తుపాకీ కన్నా కాల్చిన చెయ్యి. ఆయన జీవితమంతా ఎలుగుల మధ్యే గడిపినవాడు. ఎక్కడ కాల్చాలో తెలుసు, చెయ్యి వణకలేదు. మీదీ నాదీ అలాంటి చెయ్యి కాదు.

10 ఎంఎం లాంటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు ఒక బలహీనత ఉంది, అది అందరూ చెప్పరు. ఎలుగు మీద పడి, తుపాకీ మొన దాని ఒంటికి నొక్కుకుపోతే పైభాగం కొంచెం వెనక్కి జరుగుతుంది. అలా జరిగితే పిస్టల్ పేలదు. పేలినా బొచ్చూ బట్టా అడ్డం పడి రెండో తూటా ఇరుక్కోవచ్చు. నిజంగా కిందపడి, ఒక్క చేత్తో, గురి లేకుండా కాల్చాల్సి వచ్చినప్పుడు రివాల్వర్ ఈ బాధ పడదు. ఒంటికి ఆనించి నొక్కినా పేలుతుంది. దాడులు ముగిసేది చాలాసార్లు ఇలా కింద పడ్డాకే కాబట్టి దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయలేం. ఎవరికేది అంటే, రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన చేసే చోట (వీసా మీద ఉన్నవాళ్లు ముందు కింద చెప్పిన చట్టం సంగతి చదవండి), రెండూ అద్దెకు తీసుకుని, టైమర్ పెట్టి, ఐదు మీటర్ల దూరంలో అరచేతంత కాగితానికి మూడు గుళ్లు ఎంతసేపట్లో తగులుతున్నాయో చూసుకోండి. తొందరగా తగిలేదే మీది. పుస్తకాల్లో అంకెలు ఏమన్నా అననీ.

ఎక్కడ పెట్టుకుంటారన్నది దానికన్నా ముఖ్యం. నడక బ్యాగుకు నడుం పట్టీ ఉంటుంది. అది బిగించాక నడుముకున్న తుపాకీ దాని కింద నలిగిపోతుంది. బ్యాగులో పెట్టినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. అందుకే అలాస్కాలో ఛాతీ మీద అడ్డంగా కట్టుకునే హోల్‌స్టర్లు, అంటే తుపాకీ ఒరలు, ఎక్కువ. బ్యాగు పట్టీలకు తగలవు, నీళ్లలో దిగినా తడవవు, కింద పడినా చెయ్యి దాని మీదే ఉంటుంది. ఏ తుపాకీ అన్నదాని మీద పెట్టే డబ్బులో పదోవంతు దీని మీద పెడితే చాలు.

అంకెలు చెప్పేవీ చెప్పనివీ

తుపాకీ వాదులూ, తుపాకీ బదులు ఎలుగు మీద కొట్టే మిరప స్ప్రే చాలనే స్ప్రే వాదులూ ఇద్దరూ రెండు అధ్యయనాల అంకెలు విసురుకుంటారు. ఎలుగుల మీద పరిశోధన చేసే టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో, మరికొందరు కలిసి చేసినవి. మొదటిది 2008లో వచ్చింది. 1985 నుంచి 2006 దాకా అలాస్కాలో ఎలుగుల మీద మిరప స్ప్రే వాడిన 83 సంఘటనలు చూశారు. గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం, నల్లవాటి విషయంలో 90 శాతం పని చేసింది. స్ప్రే దగ్గరున్నవాళ్లలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. రెండోది 2012లో. 1883 నుంచి 2009 వరకు తుపాకులున్న 269 సంఘటనలు. చేతి తుపాకులు 84 శాతం, రైఫిల్ లాంటి పొడవు తుపాకులు 76 శాతం పని చేశాయి.

"చూశారా, స్ప్రే గెలిచింది" అంటారు. అంత తేలిక కాదు. రెండూ వేర్వేరు రకం సంఘటనలు. స్ప్రే లెక్కలో చాలా ఎలుగులు దాడికి వచ్చినవి కావు. ఆసక్తితో దగ్గరికొచ్చినవి, తిండి కోసం క్యాంపులో దూరినవి. తుపాకీ లెక్క ఎక్కువగా పాత ప్రభుత్వ రికార్డుల నుంచీ వార్తల నుంచీ వచ్చింది. ఎవరికీ ఏమీ కాకుండా ముగిసిన సంఘటన పేపర్లో పడదు కదా. చేతి తుపాకీ 84 శాతం అన్నా, ఆ లెక్కలో ఉన్నవి మొత్తం 37 కేసులే. మరోవైపు తుపాకీ పత్రికల్లో రాసే ఒకాయన తానే కేసులు పోగేసి, చేతి తుపాకులు 95 శాతం పైగా పని చేస్తాయని తేల్చాడు. అందులోనూ బతికినవాళ్లు గొప్పగా చెప్పుకున్న కథలు ఎక్కువ పడటం సహజం.

వీటన్నిటిలో నన్ను ఆపేసిన అంకె వేరే ఉంది. 2012 అధ్యయనంలో తుపాకీ చేతిలో ఉండి కాల్చినవాళ్లకూ, ఉండి కాల్చనివాళ్లకూ గాయాల పాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే తుపాకీ పని చేయదని కాదు. తీయడానికి టైం దొరికిందా లేదా అన్నదే చాలావరకు తేల్చేస్తోందని నేను అర్థం చేసుకున్నాను.

"పని చేసింది" అనే మాటను కూడా కొంచెం విప్పి చూడాలి. 2024 జూలైలో మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ అడవిలో హకిల్‌బెర్రీ పళ్లు కోసుకుంటున్న 72 ఏళ్ల మనిషి మీద గ్రిజ్లీ పడింది. ఆయన చేతి తుపాకీతో దాన్ని చంపాడు. లెక్కల్లో ఇది విజయమే. ఆయన మాత్రం తీవ్ర గాయాలతో ఆస్పత్రి పాలయ్యాడు.

స్ప్రే కూడా మంత్రదండమేం కాదు. 2023 సెప్టెంబరులో కెనడాలోని బాన్ఫ్ పార్కులో ఒక జంటను గ్రిజ్లీ చంపినప్పుడు వాళ్ల దగ్గర ఖాళీ అయిన స్ప్రే డబ్బా దొరికింది. ఎదురుగాలి, వాన, గుడారం లోపల చీకటి, ఇవన్నీ స్ప్రేకు శత్రువులు. కానీ దానికి గురి అక్కర్లేదు. ఎలుగుకూ మీకూ మధ్య ఏడెనిమిది మీటర్ల దాకా ఒక మేఘం లేస్తుంది, పరుగెత్తే ఎలుగు దానిలోంచే రావాలి. అందులో ఉండేది మన గుంటూరు మిరపకాయలో మండేదే, క్యాప్సైసిన్, దాని చుట్టాలతో కలిపి ఒకటి నుంచి రెండు శాతం. కళ్లకూ, కుక్క ముక్కును మించిన ఆ ముక్కుకూ అది తగిలితే ఎలుగు దాడి సంగతి మరిచిపోతుంది. 2024 మేలో గ్రాండ్ టీటన్‌లో ఒకాయనకు స్ప్రే కొట్టే టైం కూడా దొరకలేదు. కింద పడుకున్నాడు. కొరుకుతున్న ఎలుగు పళ్లు ఆయన దగ్గరున్న డబ్బాకే దిగాయి. డబ్బా దాని నోట్లో పేలింది. ఎలుగు పారిపోయింది.

నా తీర్పు ఇది. చేతులు రెండూ పనిలో ఉండే వేటగాడికీ, అలాస్కాలో చేపలు పట్టేవాడికీ, రోజుల తరబడి ఎలుగుల మధ్య బతికేవాడికీ చేతి తుపాకీ అర్థం ఉన్న ఎంపిక, అదీ సాధన చేసేవాడికి. మిగతావాళ్లకు స్ప్రే. తుపాకీ ఉన్నవాళ్లకూ స్ప్రే ఉండాలి.

మనవాళ్లు అడిగే ప్రశ్న

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, విద్యార్థులు, పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. సొంతం కావాల్సిన పని లేదు. స్నేహితుడిది చేతిలోకి తీసుకున్నా, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ముఖ్యమైనది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. అది ఉన్నా రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు, కాబట్టి లాయర్‌ను అడక్కుండా అడుగేయొద్దు. వీసా మీద ఉన్నవాడికి ఈ కేసు ఎలుగు కన్నా పెద్ద ప్రమాదం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

2010 ఫిబ్రవరి నుంచి అమెరికా నేషనల్ పార్కుల్లో ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. ఉంచుకోవడానికే అనుమతి, కాల్చడం నిషేధమే. విజిటర్ సెంటర్ల లోపలికి అసలు తీసుకెళ్లకూడదు. అలాస్కా దాటితే మిగతా రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి రక్షిత జంతువు. ప్రాణ రక్షణకు చంపితే తప్పు లేదు, కానీ అధికారులకు చెప్పాలి, దర్యాప్తు ఉంటుంది. అలాస్కాలో ఐతే ఆత్మరక్షణకు చంపిన ఎలుగు చర్మాన్నీ పుర్రెనూ తీసి ప్రభుత్వానికి అప్పగించాలి. కెనడాలో మామూలు పర్యాటకుడికి చేతి తుపాకీ ప్రశ్నే లేదు, 2022 అక్టోబరు నుంచి వాటి అమ్మకాలే ఆపేశారు.

అసలు భయం ఎంత? ఎల్లోస్టోన్ వాళ్ల లెక్క ప్రకారం 1979 నుంచి పార్కుకు 11 కోట్లకు పైగా సందర్శనలు జరిగితే గ్రిజ్లీల వల్ల గాయపడినవాళ్లు 44 మంది. పార్కు పెట్టిన 1872 నుంచి ఎలుగుల వల్ల చనిపోయినవాళ్లు ఎనిమిది మంది. నీళ్లలో మునిగి పోయినవాళ్లు వందకు పైనే, వేడినీటి బుగ్గల్లో పడి పోయినవాళ్లు ఇరవైకి పైనే. అక్కడ పిల్లల చెయ్యి పట్టుకోవాల్సింది ఎలుగు కోసం కన్నా ఆ బుగ్గల కోసం.

ఎలుగుకు 91 మీటర్ల లోపు వెళ్లొద్దని, ముగ్గురికి తగ్గకుండా నడవమని, మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుతూ చప్పట్లు కొడుతూ పొమ్మని రేంజర్లు చెబుతారు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలకు వెళ్లేవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. అక్కడి ఎలుగు వేరే జాతి, చిన్నది, కోపం మాత్రం ఎక్కువ. గుంపుగా, చప్పుడు చేసుకుంటూ, చేతిలో కర్రతో పోవడమే అక్కడి ఆయుధం. 2023లో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక టీటీడీ భక్తులకు కర్రలు ఇస్తే చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కర్ర చేతిలో ఉన్నవాడు చుట్టూ చూస్తూ నడుస్తాడు.

చివరిగా ఒక ప్రయాణపు చిక్కు. అమెరికా విమానాల్లో తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ బ్యాగులో పంపొచ్చు. ఎలుగు స్ప్రేను మాత్రం చేతి బ్యాగులోనూ పంపకూడదు, చెక్-ఇన్‌లోనూ పంపకూడదు. కాబట్టి దాన్ని దిగాక కొనాలి, లేదా ఎల్లోస్టోన్ చుట్టుపక్కల అద్దెకు తీసుకోవాలి. యోసెమిటీ పార్కులో ఐతే స్ప్రే తీసుకెళ్లడమే నిషేధం, అక్కడ గ్రిజ్లీలు లేవు. కొన్నాక డబ్బా మీద గడువు తేదీ చూడండి. బ్యాగు పక్క జేబులో కాకుండా ఛాతీ పట్టీకి తగిలించుకోండి. రాత్రి హోటల్ గదిలో బొటనవేలితో సేఫ్టీ క్లిప్ తీసి మళ్లీ పెట్టడం ఓ ఇరవై సార్లు చేసి చూడండి, కళ్లు మూసుకుని కూడా. మీట మీద మాత్రం వేలు పెట్టకండి. గదిలో పొరపాటున నొక్కారంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కారులోనే పడుకోవాలి.